బొమ్మ రైలు పట్టాలు అతకవు, బండి పడిపోతుంది: తేడా ఎక్కడుందో చూద్దాం

రెండో డబ్బా కొన్నాం, పాత పట్టాలకు అతకడం లేదు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. డబ్బా మీద "ఇంకా పెంచుకోవచ్చు" అని ఉంటుంది గానీ దేంతో పెంచుకోవాలో ఉండదు. చెర్వుగట్టు, కురుమూర్తి జాతరల్లో, మన బజారు దుకాణాల్లో దొరికే చవక ప్లాస్టిక్ సెట్లలో ఒక్కో కంపెనీ కొక్కెం ఒక్కో తీరు. వచ్చే ఏడాది అదే డబ్బా మళ్లీ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. అరగదీసి, జిగురు పెట్టి అతికించాలని చూడకండి, రెండు సెట్లూ పాడవుతాయి. విడివిడిగా ఆడుకోనివ్వండి.

ఇంకా కొనకపోతే చెక్క పట్టాల వైపు చూడండి. ఒక కొసకు గుండు, రెండో కొసకు అది కూర్చునే గుంత ఉంటాయి. బ్రియో, ఐకియా లిల్లాబో లాంటి చెక్క సెట్లు కాస్త వదులుగానో బిగుతుగానో అయినా ఒకదానికొకటి అతుకుతాయి. లెగో డూప్లో పట్టాలు మాత్రం వీటికి కలవవు. దుకాణానికి పోయేటప్పుడు పాత పట్టా ముక్క ఒకటి జేబులో వేసుకోండి. ఆన్‌లైన్‌లో అయితే కొస ఫొటో పెద్దది చేసి చూడండి. ముక్కలెన్ని అన్న లెక్కకు మురిసిపోవద్దు, చెట్లు, బోర్డులు కూడా అందులోనే కలిపేస్తారు.

గుండ్రం పూర్తి కావడం లేదు

చెక్క పట్టాల్లో మామూలుగా 8 వంపు ముక్కలకు ఒక గుండ్రం. ఒకటి తగ్గినా బలవంతంగా లాగొద్దు, గుండు మెడ విరుగుతుంది. చివర్లో రెండు గుండ్లే ఎదురుపడితే రెండువైపులా గుంతలున్న చిన్న ముక్క కావాలి, అది విడిగా అమ్ముతారు. దారి చీలే ముక్క ఒక్కటే ఉంటే ఆ దారి ఎటూ పోదు. జతగా కొనండి. స్టేషన్, క్రేన్ లాంటి సోకులు ఆ తర్వాతే.

బండి ఒకే చోట పడిపోతోంది

ముందు నేల చూడండి. షాబాద్ బండల ఇళ్లలో రెండు బండల మధ్య సందు మీద పట్టా జాయింట్ పడితే ఒక కొస వెంట్రుకవాసి పైకి లేస్తుంది, ముందు చక్రం అక్కడే తగులుతుంది. పట్టాను కొంచెం జరిపినా సరిపోతుంది. పరుపు, బొంత మీద వేయొద్దు. నేల బాగానే ఉంటే బండి తిరగేసి ఇరుసు చూడండి. తల వెంట్రుకలు, దారప్పోగులు చుట్టుకుని చక్రాన్ని పట్టేస్తాయి. పట్టకారుతో లాగేస్తే చాలు.

వంతెన ఎక్కలేక ఇంజిన్ ఆగిపోతోంది

సెల్లులు దిగి ఉండొచ్చు, బోగీలు ఎక్కువై ఉండొచ్చు. రెండు బోగీలే తగిలించి చూడండి. మంచి ఆల్కలైన్ సెల్లులు వేయండి, పాతవి కొత్తవి కలపొద్దు. చక్రానికి రబ్బరు రింగు ఉంటే తడిగుడ్డతో దుమ్ము తుడవండి. ఇవన్నీ చేసినా జారుతుంటే వంతెన మీదికి ఎక్కే దారి పొడవు చేయాలి, ఏటవాలు తగ్గాలి.

బోగీ దగ్గరికి తెస్తే దూరం నెడుతోంది

చెడిపోలేదు. అయస్కాంతం ఒకే ధ్రువం ఎదురైంది. బోగీని తిప్పి పెట్టండి.

రెండు రోజులకే పక్కన పడేశాడు

రెండేళ్ల పిల్లవాడికి పట్టాలు వేయడం పట్టదు, బండి నెట్టడమే ఆట. మీరు పెద్ద సెట్ కొని పట్టాలు వేస్తుంటే వాడు పీకేస్తాడు, టెన్షన్ మీకే. ఒక గుండ్రం, ఇంజిన్, రెండు బోగీలు ఇచ్చి మిగతావి అటక మీద పెట్టండి. మూడు దాటాక ఒక్కొక్కటే దించండి.

అయస్కాంతం ఊడింది, సెల్ మూత వదులైంది

ఇక్కడ రిపేరు ఆలోచన వద్దు, వెంటనే తీసేయండి. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల్లో ఒకదానికొకటి అతుక్కుంటాయి, బటన్ సెల్ గొంతును కాల్చేస్తుంది. మింగాడన్న అనుమానమున్నా వాంతి చేయించకుండా నేరుగా ఆస్పత్రికి పోవాలి. కొనేటప్పుడే మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. అది లేని డబ్బాను, ధర సగమైనా, మూడేళ్లలోపు పిల్లలున్న ఇంటికి తేకండి.