ఇంట్యూన్‌తో ఏజెంట్ల పంపిణీ – 3వ పాఠం: డిటెక్షన్ రూల్

కంప్యూటర్లను దూరం నుంచి నిర్వహించే మైక్రోసాఫ్ట్ సేవ ఇంట్యూన్. గత పాఠంలో ఏజెంట్ (తెర వెనక నడిచే ప్రోగ్రామ్) ఎంఎస్ఐని, అంటే దాని ఇన్‌స్టాలర్ ఫైలును, ఇంట్యూన్‌విన్ ఫైలుగా మార్చి, సైలెంట్ ఇన్‌స్టాల్ కమాండ్ రాశాం. ఈసారి డిటెక్షన్ రూల్, అంటే యాప్ కంప్యూటర్‌లో ఉందో లేదో ఇంట్యూన్ తేల్చుకునే నియమం ఒక్కటే. అడ్మిన్ సెంటర్‌లో ఆ పేజీని అర నిమిషంలో దాటేసేవాళ్లే ఎక్కువ. తరవాత వారమంతా దాని చుట్టూనే తిరగాల్సి వస్తుంది.

ముందు పని జరిగే వరస చూద్దాం. కంప్యూటర్‌లో ఉండే ఇంట్యూన్ మేనేజ్‌మెంట్ ఎక్స్‌టెన్షన్ సర్వీసు సుమారు గంటకోసారి తనకు కేటాయించిన విన్32 యాప్‌ల (మామూలు విండోస్ ప్రోగ్రామ్‌ల) జాబితా అడుగుతుంది. డౌన్‌లోడ్ చేసే ముందే డిటెక్షన్ రూల్ నడుపుతుంది. యాప్ కనబడితే వదిలేస్తుంది. కనబడకపోతే డౌన్‌లోడ్ చేసి, ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ అదే రూల్ నడుపుతుంది. ఇన్‌స్టాలర్ 0 కోడ్‌తో సవ్యంగా ముగిసినా, ఈ రెండోసారి రూల్‌కు ఏమీ కనబడలేదనుకోండి: పోర్టల్‌లో 87డి1041సి ఎర్రర్ వస్తుంది. ఏజెంట్ నిక్షేపంగా పనిచేస్తూనే ఉంటుంది, రిపోర్టులో మాత్రం ఫెయిల్డ్!

రూల్ రకం ఎంఎస్ఐ అని ఎంచుకుంటే ప్రొడక్ట్ కోడ్‌ను (ఆ ఎంఎస్ఐ గుర్తింపు కోడ్‌ను) పోర్టలే నింపి పెడుతుంది. మామూలు సాఫ్ట్‌వేర్‌కు అది చాలు, ఏజెంట్లకు చాలదు. యాంటీవైరస్, ఇన్వెంటరీ, రిమోట్ సపోర్ట్ ఏజెంట్లు చాలావరకు తమ సర్వర్ నుంచి తామే అప్‌డేట్ అవుతాయి. ఎంఎస్ఐలో మేజర్ అప్‌గ్రేడ్ జరిగితే ప్రొడక్ట్ కోడ్ మారిపోతుంది. పాత కోడ్ ఇక కనబడదు. యాప్‌ను రిక్వైర్డ్‌గా (తప్పనిసరిగా ఉండాలని) ఇచ్చాం కాబట్టి ఇంట్యూన్ పాత వెర్షన్‌ను మళ్లీ ఎక్కించబోతుంది. కొత్తది ఉందని ఇన్‌స్టాలరే తిప్పికొడితే మీ అదృష్టం. ఆ జాగ్రత్త లేని ఇన్‌స్టాలర్ అయితే నడుస్తున్న ఏజెంట్‌నే పాడుచేస్తుంది.

అందుకే ఫైల్ రకం రూల్ పెట్టండి. ఏజెంట్ ముఖ్యమైన ఈఎక్స్ఈ ఉన్న ఫోల్డర్, ఫైలు పేరు ఇచ్చి, వెర్షన్ పద్ధతి ఎంచుకుని, ఆపరేటర్‌గా 'గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు' పెట్టండి. 'ఈక్వల్స్' పెడితే పై తిప్పలే మళ్లీ. అప్‌డేట్ అయినప్పుడల్లా ఫోల్డర్ పేరులో వెర్షన్ నంబర్ మార్చే ఏజెంట్లకు ఇది పనికిరాదు. వాటికి రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోట) సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్ కింద ఏజెంట్ సర్వీసు పేరుతో కీ ఉందో లేదో చూసే రూల్ మేలు.

ఆ చోటు ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మేనేజ్‌మెంట్ ఎక్స్‌టెన్షన్ 32 బిట్ ప్రోగ్రామ్. మీ ఇన్‌స్టాల్ కమాండ్ పవర్‌షెల్ స్క్రిప్టును పిలిస్తే అదీ 32 బిట్‌లోనే నడుస్తుంది. అది సాఫ్ట్‌వేర్ హైవ్‌లో (రిజిస్ట్రీలోని సాఫ్ట్‌వేర్ విభాగంలో) రాసిన కీ, 32 బిట్ ప్రోగ్రామ్‌లకు వేరుగా ఉంచిన వావ్6432నోడ్ కిందకు పోతుంది, 64 బిట్ వైపు వెతికే రూల్‌కు దొరకదు. సర్వీసెస్ కీకి ఈ దారి మళ్లింపు లేదు. తప్పనిసరిగా సాఫ్ట్‌వేర్ హైవ్‌లోనే రాయాలంటే, పవర్‌షెల్‌ను సిస్‌నేటివ్ దారిలో పిలవండి, అప్పుడు 64 బిట్‌ది నడుస్తుంది.

స్క్రిప్ట్ రకం రూల్ రాసేవాళ్లకు ఒక మాట: ఎగ్జిట్ కోడ్ 0 ఒక్కటే సరిపోదు, స్క్రిప్ట్ తెర మీదకు ఏదో ఒక పదమైనా రాయాలి. రెండూ ఉంటేనే 'ఉంది' అని లెక్క. సర్వీసు నడుస్తోందా అన్న పరీక్షను మాత్రం ఇందులో పెట్టకండి. ఎవరో సర్వీసును కాసేపు ఆపితే ఇంట్యూన్ మొత్తం ఏజెంట్‌నే తిరిగి ఇన్‌స్టాల్ చేయబోతుంది. ఆ కాపలాకు, లోపాన్ని కనిపెట్టి సరిచేసే రెమెడియేషన్ స్క్రిప్ట్ వేరే ఉంది.

పరీక్షించేటప్పుడు ఒకసారి ఫెయిలైతే ఇంట్యూన్ 5 నిమిషాల ఎడంతో 3 సార్లు ప్రయత్నించి, ఆ తరవాత 24 గంటలు ఊరుకుంటుంది. రూల్ సరిచేసినా కదలడం లేదని అందరూ కంగారుపడేది ఇక్కడే. టెస్ట్ మెషీన్‌లో రిజిస్ట్రీ తెరిచి, ఇంట్యూన్ మేనేజ్‌మెంట్ ఎక్స్‌టెన్షన్, విన్32యాప్స్ కింద జీఆర్ఎస్‌లో (మళ్లీ ప్రయత్నించే వేళను గుర్తుపెట్టుకునే చోట) ఆ యాప్ ఐడీ ఉన్న కీని తీసేసి, ఎక్స్‌టెన్షన్ సర్వీసును రీస్టార్ట్ చేయండి. వెంటనే మళ్లీ మొదలవుతుంది.

అభ్యాసం: టెస్ట్ మెషీన్‌లో ఏజెంట్‌ను కొత్త వెర్షన్‌కు చేత్తో అప్‌గ్రేడ్ చేసి, సర్వీసును రీస్టార్ట్ చేయండి. ప్రోగ్రామ్‌డేటాలోని ఇంట్యూన్ లాగ్స్ ఫోల్డర్‌లో యాప్‌వర్క్‌లోడ్ లాగ్ తెరిచి చూడండి. డౌన్‌లోడ్ మళ్లీ మొదలైతే మీ రూల్ ఇంకా తప్పే. దాన్ని సరిచేశాకే 4వ పాఠంలోని గ్రూపుల కేటాయింపుకు రండి.