పూల్ చుట్టూ ప్లాస్టిక్ గడ్డి: అసలు పని కిందే

గడ్డి చెడేది ఎక్కువగా కింద నుంచే. వరంగల్ చుట్టుపక్కల నల్లరేగడి అయితే మరీ జాగ్రత్త. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అక్కడ 7 అంగుళాలు తవ్వి, జియోటెక్స్‌టైల్ (మట్టీ కంకరా కలవకుండా ఆపే, నీరు దిగే బట్ట) పరిచి, 6 అంగుళాల కంకర వేయండి. ఎర్ర చెల్కలో 4 అంగుళాల కంకర చాలు. అంటే 100 చదరపు అడుగులకు దిమ్మిసయ్యాక 33 ఘనపుటడుగులు, 40 తెప్పించుకోండి. పైన పలుచగా క్రషర్ డస్ట్ (రాతి పొడి) చల్లి, తడిపి, ప్లేట్ కాంపాక్టర్ (నేలను అదిమే యంత్రం) తిప్పాలి. వాలు పూల్ వైపు పెట్టొద్దు, మీటరుకు ఒక సెంటీమీటరు బయటికి.

రోల్‌ను రెండు గంటలు ఎండలో విప్పి ఉంచితే ముడతలు పోతాయి. పోగులన్నీ ఒకే దిక్కుకు వాలాలి. ఒక ముక్క తిరగబడినా రంగు తేడా దూరం నుంచే కనిపిస్తుంది. వెనుకవైపు నుంచి కోసి, అతుకు కింద టేపు వేసి పాలియురేథేన్ జిగురు పూయండి. అంచులు దగ్గరికి తెస్తూ, మధ్యలో ఇరుక్కున్న పోగులను వేలితో పైకి లాగండి. పూల్ గట్టు దగ్గర మేకులు కొట్టొద్దు, జిగురే. తడి కాంక్రీటుకు అది పట్టదు, కాబట్టి వానాకాలంలో ఈ పని వద్దు.

పోగులు నిలబడేందుకు గడ్డిలో చల్లే సిలికా ఇసుకను గట్టు పక్కన వాడితే తడి కాళ్లతో పూల్‌లోకి, అక్కణ్నుంచి ఫిల్టర్‌లోకి పోతుంది. అందుకే గట్టు పక్కన ఇసుక అక్కర్లేని పొట్టి, దట్టమైన గడ్డి ఎంచుకోండి. మే ఎండకు మాత్రం కాళ్లు చుర్రుమంటాయి. గడ్డి మీద కాలు పెట్టే ముందు పైపుతో తడపాల్సిందే.