తెలుగు బ్లాగుకి థీమ్ మార్చే ముందు

☐ ముందు బ్యాకప్. బ్లాగర్‌లో అయితే థీమ్ పేజీలోనే ఆ ఆప్షన్ ఉంటుంది, ఎక్స్‌ఎంఎల్ ఫైలు దిగుతుంది. పాత థీమ్‌లో మీరు చేర్చుకున్న కోడ్ ముక్కల్ని విడిగా దాచుకోండి, కొత్తది ఎక్కిస్తే అవి పోతాయి.

☐ డెమో చూసి మురిసిపోవద్దు, అక్కడ ఉండేది ఇంగ్లిషు. మీ పోస్టునే ప్రివ్యూలో తెరిచి "స్త్రీ", "రాష్ట్రం", "కృష్ణ" లాంటి మాటలు వెతికి చూడండి. లైన్ల మధ్య చోటు చాలకపోతే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. లైన్ హైట్ 1.7 దాకా పెంచండి, నాకైతే 1.8 హాయిగా ఉంటుంది. శీర్షికలకు లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఎడం) ఉంటే సున్నా చేసేయండి. తెలుగు అక్షరాలకు అది అస్సలు నప్పదు.

☐ పేరాలకు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ ఫాంటుగా పెట్టండి. రామభద్ర శీర్షికలకే అందం, పేరాలకు వాడితే కళ్లు లాగుతాయి.

☐ లేత బూడిద రంగు అక్షరాలు వద్దు. మా అమ్మ డాబా మీద ఎండలో ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని చదవడం చూశాక నేను నలుపుకి మారిపోయాను.

☐ వర్డ్‌ప్రెస్‌లో థీమ్ ఫైళ్లను నేరుగా దిద్దొద్దు, అప్‌డేట్ రాగానే మీ మార్పులు తుడిచిపెట్టుకుపోతాయి. చైల్డ్ థీమ్ పెట్టుకోండి, అంటే అసలు థీమ్ మీదే నడుస్తూ మీ మార్పుల్ని విడిగా ఉంచే థీమ్.

☐ డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ని ఊరికే ఇస్తామనే సైట్ల జోలికి పోవద్దు.