బొట్టుబిళ్ళ, కుట్టు టేపు: మెడ నరం నొప్పితో కళ్ళు తిరిగేవాళ్ళకు నేను చేసిన వ్యాయామాలు

ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే రోజుకు పది గంటలు మిషన్ మీద తల వంచుకునే ఉంటాను. పోయినేడాది మాఘమాసంలో మెడ వెనక పట్టుకున్న నొప్పి భుజం మీదుగా కుడి బొటనవేలి దాకా జివ్వున లాగడం మొదలైంది. తిమ్మిరికి సూదిలో దారం కూడా ఎక్కేది కాదు. దాంతోపాటు ఎవరైనా వెనక నుంచి "అక్కా" అని పిలిస్తే, అటు తిరిగేసరికి నేల ఊగినట్టుండేది.

డాక్టరుగారు ఎం.ఆర్.ఐ. తీయించి, అయిదో, ఆరో మెడ పూసల మధ్య డిస్కు నరాన్ని ఒత్తుతోందన్నారు. కళ్ళు తిరగడానికి వేరే కారణాలు లేవని చూశాకే ఫిజియోథెరపీకి పంపారు. మీరు కూడా ముందు డాక్టరుకు చూపించుకోండి. చేతిలో పట్టు తప్పుతున్నా, నడక తూలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, మూత్రం మీద అదుపు పోయినా వ్యాయామాల జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

తల ఎటు తిరిగిందో మెదడుకు కబురు చెప్పేవి మూడట: కళ్ళు, లోపలి చెవి, మెడ కండరాలు. పుర్రె కిందే ఉండే చిన్న కండరాలు ఈ పనిలో ముఖ్యమైనవి. నొప్పితో అవి బిగుసుకుంటే మెడ చెప్పేది మిగతా రెంటితో పొసగదు, కళ్ళు తిరుగుతాయి. ఆ భయంతో మనం మెడ కదపం, అది ఇంకా బిగుస్తుంది. నేను రెండు నెలలు అలాగే ఉండి నష్టపోయాను. అయితే ఈ వ్యాయామాలు నరం మీద ఒత్తిడిని తీసెయ్యవు. దానికి మందులు, మెడ బలానికి వేరే వ్యాయామాలు విడిగా నడవాలి.

మొదటిది బొట్టుబిళ్ళతో. గోడకు కళ్ళ ఎత్తులో ఒక బిళ్ళ అంటించి, రెండు మూడడుగుల దూరంలో కుర్చీలో నిటారుగా కూర్చోండి. చూపు బిళ్ళ మీదే నిలిపి తలను కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా తిప్పండి. బిళ్ళ అలికినట్టు కనిపిస్తే మీరు వేగం ఎక్కువ చేసినట్టే, తగ్గించండి. నేను మొదట పదిహేను సెకన్లే చెయ్యగలిగాను. మూడు వారాలకు నిమిషానికి వచ్చాను, రోజుకు మూడుసార్లు. తర్వాత తలను పైకీ కిందికీ. కాస్త తల తిరిగినట్టుండడం మామూలే, కొద్ది నిమిషాల్లో సర్దుకోవాలి. చేతిలోకి లాగుడు పెరిగితే మాత్రం ఆపెయ్యాలి.

1940లలో ఇంగ్లండులో కాథార్న్, కుక్సీ అనే డాక్టర్లు తలకు దెబ్బ తగిలినవాళ్ళ కోసం ఇలాంటి వ్యాయామాలు ఒక వరసలో పెట్టారు. ముందు కళ్ళు, తర్వాత తల, తర్వాత కూర్చుని, ఆఖరున నిలబడి. ఆ వరస తప్పకండి.

రెండోది నాకు బాగా నచ్చింది. మా అబ్బాయి కీచైన్ లేజర్‌ను హెయిర్ బ్యాండుకు కట్టి నుదుటి మీద పెట్టుకున్నాను. గోడకు 90 సెంటీమీటర్ల దూరంలో కూర్చుని, ఎర్రచుక్కను బొట్టుబిళ్ళ మీద నిలిపి, కళ్ళు మూసుకుని తలను పక్కకు తిప్పి, మళ్ళీ మధ్యకు వచ్చాననుకున్న చోట ఆపి కళ్ళు తెరవాలి. చుక్క ఎంత పక్కకు పోయిందో టేపుతో కొలవండి. దాదాపు ఏడు సెంటీమీటర్లు దాటితే మెడ అంచనా తప్పుతోందని ఫిజియో అమ్మాయి చెప్పింది. మొదటిరోజు నాది పది. కొలతలే నా బతుకు కదా, నా తలే నాకు కొలతకు అందలేదని ఏడుపొచ్చింది. ప్రతిసారీ కళ్ళు తెరిచి చుక్కను బిళ్ళ మీదకు సరిదిద్దుకోవడమే అసలు సాధన. ఆరు వారాలకు నాలుగుకు వచ్చింది. చేసేటప్పుడు ఎదురుగా పిల్లల్ని ఉండనివ్వకండి, లేజర్ కంట్లో పడకూడదు.

ఇవి కుదిరాక, గది మూలలో గోడ అందేలా నిలబడి, పాదాలు దగ్గరగా పెట్టి బొట్టుబిళ్ళ వ్యాయామమే చెయ్యండి. పక్కన ఒక మనిషి ఉంటే మేలు.

వెనక నుంచి పిలిస్తే ఇప్పుడు నేల ఊగడం లేదు. బొటనవేలి తిమ్మిరి పని ఎక్కువైన రోజున ఇంకా వస్తోంది. అందుకే ఒక్కో చెయ్యి కుట్టడం అవగానే లేచి, మిషన్ ఎదురుగా గోడకు అంటించిన మెరూన్ బిళ్ళ ముందు అర నిమిషం తల తిప్పి, రెండో చెయ్యి మొదలుపెడుతున్నాను.