తల ఊపితే చాలదు, మాట కూడా కలపాలి

మాదాపూర్‌లో విదేశీ క్లయింట్లతో పనిచేసే టీమ్‌లకు 12 ఏళ్లుగా ట్రైనింగ్ ఇస్తున్నాను. మొదటి రోజు మాట్లాడేది తల ఊపడం గురించే. మనం తలను అటూ ఇటూ మెల్లగా వాలుస్తామే, అందులో "వింటున్నాను", "అలాగే", "చూద్దాం" అన్నీ ఉంటాయి. జర్మనీ మేనేజర్‌కి అది "కాదు"లా కనిపించొచ్చు, "తప్పకుండా"లానూ కనిపించొచ్చు.

ఒక శుక్రవారం సాయంత్రం కాల్‌లో "సోమవారానికి అవుతుందా?" అని అడిగారు. మా వాళ్లంతా తల ఊపారు, విన్నామని. అవతలివాళ్లు మాట ఇచ్చారనుకున్నారు. సోమవారం పొద్దున ఆ పిల్లల మొహాలు చూడలేకపోయాను.

అప్పటి నుంచి ఇలా చేయిస్తున్నాను. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఏదైనా గడువు గురించి 2 నిమిషాలు మాట్లాడించి ఫోన్‌లో వీడియో తీయండి. సౌండ్ తీసేసి అందరికీ చూపించండి. ఎక్కడెక్కడ ఒప్పుకున్నట్టు అనిపించిందో చూసినవాళ్లు చెప్పాలి. తర్వాత మాట్లాడినవాళ్లను అడగండి. ఖమ్మం నుంచి వచ్చిన ఒకమ్మాయి 9 సార్లు తల ఊపింది, ఒప్పుకున్నది 2 సార్లే. మిగతాదంతా మర్యాద. "మా నాన్న ముందు కూడా ఇలాగే ఊపుతానండీ" అంది.

ఆ అలవాటు మానుకోమని నేను చెప్పను. దానికో మాట కలపమంటాను: "విన్నాను, రేపు 11 గంటలకు చెప్తాను" లేదా "సోమవారం కుదరదు, బుధవారం ఇస్తాం." గంగిరెద్దులా తలూపకు, నోరు తెరిచి చెప్పు అని ఇంట్లో పెద్దలు అనేవాళ్లు కదా, అదే.

మేనేజర్లు అవునా కాదా అని అడగొద్దు. "ముందు ఏది మొదలుపెడతారు? ఎక్కడ ఆగిపోవచ్చు?" అనాలి. దానికి తల ఊపితే సరిపోదు. జూనియర్ కళ్లు దించుకుంటే ఏదో దాస్తున్నాడనుకోవద్దు, పెద్దల ముందు మనకది గౌరవం. జపాన్ వాళ్లు "అవును" అనడానికి వాడే "హై" కూడా చాలాసార్లు "వింటున్నాను" అనే, మన తల ఊపుకి దగ్గరి చుట్టం. బొటనవేలు, చూపుడువేలు గుండ్రంగా కలిపి చూపే సైగ బ్రెజిల్ వాళ్ల ముందు వద్దు, అక్కడ బూతు.

మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే, మిగతాదంతా గొంతు, ముఖమే అనే స్లైడ్ మీ ట్రైనింగ్‌లో ఉంటే తీసేయండి. ఆ లెక్క వచ్చింది 1967లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన ప్రయోగాల నుంచి. అవి ఒక్కో మాట వెనక ఇష్టాయిష్టాల గురించి, ప్రాజెక్టు గడువుల గురించి కాదు.

కాల్ చివర 3 నిమిషాలు మిగుల్చుకుని, ఎవరేం ఎప్పటికి చేస్తారో వాళ్ల నోటితోనే చెప్పించండి. అప్పటిదాకా కెమెరాలు ఆపనివ్వకండి.