కయాక్ మీద తాళ్లు కట్టే ముందు

మొన్న ఆదివారం బహుదా ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక కుర్రవాడి కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ, బోల్తా పడింది. అతనికి ఈత వచ్చు, ఒంటి మీద లైఫ్ జాకెట్టు కూడా ఉంది. అయినా తల నీటిపైన నిలవలేదు. తెడ్డు కొట్టుకుపోకుండా ఇంట్లో చేసుకున్న తాడు ఒక కొస కయాక్‌కు, రెండో కొస అతని మణికట్టుకు ఉంది. కెరటం కయాక్‌ను ఈడ్చిన ప్రతిసారీ మనిషినీ ఈడ్చింది. పక్క తెప్పలోని సోనాపూర్ పెద్దాయన తాడు కోయబట్టి బతికాడు.

వానలు మొదలవుతున్నాయి. ఏటి నీరు పెరిగాక, పాటు వేళ బయటికి పోయే నీటికి సముద్రపు అల ఎదురైతే మొగలో కెరటాలు నిలువుగా లేస్తాయి. ఇచ్ఛాపురం, బరంపురం వైపు నుంచి సెలవు రోజున గాలాలతో వచ్చేవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. నేను చెప్పదలచింది తాడు గురించి.

తాడు కొస మీ ఒంటికి కట్టుకోకండి. మణికట్టుకు వద్దు, చీలమండకు వద్దు, నడుముకు వద్దు. పలక మీద నిలబడి అలలపై సర్ఫింగ్ చేసేవారు కాలికి కట్టుకుంటారు కదా అని చాలామంది అడుగుతారు. వారి పలక తేలిక, పట్టీ ఒక్క లాగుతో ఊడుతుంది. అలాంటి కాలిపట్టీ కూడా పారే ఏటిలో కొమ్మకో రాయికో తగులుకుని మనుషుల ప్రాణం తీసింది. కయాక్ మాట వేరు. లోపల వంద లీటర్ల నీరు చేరితే వంద కిలోల బరువు పెరుగుతుంది. దాన్ని ఏ చేయీ ఆపలేదు.

తెడ్డును, గాలపు కర్రను, పెట్టెను కయాక్‌కే కట్టండి. నైలాను తాడు నీటిలో మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది. తేలేది వాడండి, కానీ ఎండకు పీచు లేచిందంటే మార్చేయండి. తాడు పొడవు మీ పనికి సరిపడినంతే ఉండాలి. మిగులు తాడు కాళ్ల దగ్గర ఉచ్చులా పడి ఉంటుంది. మధ్యలో ఒకచోట సన్నని నూలు దారంతో అతుకు వేయండి: తెడ్డు బరువుకు నిలవాలి, మనిషి గట్టిగా గుంజితే తెగాలి. నేనైతే ఈ అతుకు లేని తాడును నీటిలోకి తీసుకెళ్లను.

పీటముడి వేయకండి, తడిస్తే బిగుసుకుంటుంది. కొస లాగితే ఊడే ముడి వేయండి. తాళంచెవులకు వాడే ఇనుప కొక్కేలు వద్దు, ఉప్పునీటికి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. లంగరును ముందు కొసకో వెనుక కొసకో కట్టండి, పక్కకు కడితే ప్రవాహం కయాక్‌ను తిరగేస్తుంది. మొగ దాటేటప్పుడు వేలాడే తాడు ఒక్కటీ ఉండకూడదు, అన్నీ చుట్టి లోపల పెట్టండి. చాకు పెట్టెలో కాదు, ఏ చేతికైనా అందేలా జాకెట్టు రొమ్ము మీద ఉండాలి. ఫోను మెడలో వేసుకోకండి. చేప ఎంత పెద్దదైనా గాలపు దారం చేతికి చుట్టుకోకండి. తాడు ఒంటికి కట్టుకోకండి. పిల్లలకు అసలే కట్టకండి. ఒంటరిగా వెళ్లకండి.

వెళ్లే ముందు సరంజామా అంతా కట్టి, నడుము లోతు నీటిలో కయాక్‌ను మీరే తిరగేయండి. కళ్లు మూసుకుని, ఒక్క చేత్తో ప్రతి ముడీ విప్పండి. ఏ ఒక్కటి విడకపోయినా ఆ రోజు ఇంటికి వెళ్లిపోండి.