స్టాడ్ దాటే ముందు గాలినే కాదు, అలనూ చూడండి

నార్వే తీరం వెంట బెర్గెన్ నుంచి ఓలెసుండ్‌కు మోటారు పడవలో వెళ్లేవారికి దారిలో చాలా భాగం దీవులే అడ్డుగోడలా నిలిచి కాపాడతాయి గానీ, స్టాడ్ ద్వీపకల్పం దగ్గర ఆ రక్షణ ఉండదు. అక్కడ గాలి తగ్గిన తర్వాత కూడా కొన్ని రోజుల పాటు పెద్ద అలలు వేర్వేరు దిక్కుల నుంచి వచ్చి ఒకదానితో ఒకటి ఢీకొంటూనే ఉంటాయి. పూర్వం పడవలను డ్రాగ్‌సైదె కనుమ మీదుగా నేల మీద ఈడ్చుకుపోయేవారని స్థానికులు చెప్పుకోవడం ఊరికే కాదు. అందుచేత దక్షిణం నుంచి వచ్చేవారు మోలోయ్‌లోనో సెల్యేలోనో ఆగి, నార్వే వాతావరణ సూచనల సైటు యూర్‌లో గాలి సూచనతో పాటు, సముద్ర సమాచారమిచ్చే సైటు బారెంట్స్‌వాచ్‌లో అలల ఎత్తు, దిశ కూడా చూసుకుని బయలుదేరాలి. ఒక రోజు ఎక్కువ ఆగినా నష్టం లేదు.

ఆగిన ఆ సమయంలోనే డీజిల్ ఫిల్టర్‌ను తప్పక పరిశీలించండి. ప్రశాంతమైన నీటిలో ట్యాంకు అడుగున కదలకుండా ఉన్న మడ్డి, పడవ బాగా ఊగినప్పుడు పైకి లేచి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఇంజిన్ ఆగిపోయేది సరిగ్గా రాళ్లకు దగ్గరగా ఉన్నప్పుడే కావచ్చు. ఫిల్టర్ కింది గాజు గిన్నెలో నీటి పొర గానీ నల్లని నలుసులు గానీ కనిపిస్తే, వాటిని తీసేసి కొత్త ఫిల్టర్ బిగించి, ఇంజిన్‌ను కాసేపు నడిపి చూశాకే తాడు విప్పండి. మరో ఫిల్టర్‌ను, దాన్ని విప్పే పనిముట్టును చేతికి అందేచోట ఉంచుకోండి.